గుమ్మంలో తడి

కండక్టరు ఇంటికి రాకముందే అతని గొంతు వచ్చేది. వీధి మలుపు తిరుగుతూనే "వచ్చేశానోయ్!" అని ఒక కేక పెట్టేవాడు. ఇరవై ఆరేళ్ళు బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి, ముందున్న డ్రైవరుకు వినపడేలా అరిచిన గొంతు అది. దానికి ఇంట్లో ఒక తీరు, బయట ఒక తీరు అని లేవు. ఆ కేక వినపడగానే పక్కింటి మామ్మ సాయంత్రం మాత్ర వేసుకునేది. ఇంట్లో భార్య కుట్టుమిషను ఆపి టీకి నీళ్ళు పెట్టేది. ఇన్నేళ్ళలో ఆ కేక వల్ల ఎవరికీ కీడు జరగలేదు. ఒకరిద్దరు పసిపిల్లలు నిద్రలేచి ఏడ్చి ఉంటారు, అదేం లెక్క!

మంగళవారం కూడా అలాగే అరిచాడు. అలాగే తలుపు తోసుకుని, "ఏదీ మా దొరసాని? ఎక్కడమ్మా దొరసాని?" అంటూ లోపలికొచ్చాడు.

దొరసాని అంటే కుక్క. తేనెరంగు ఒళ్ళు, మోకాలిదాకా ఎత్తు, నాలుగేళ్ళ వయసు. తమ్ముడిది. తమ్ముడు లిఫ్టులు బిగించే మేస్త్రీ. వేరే ఊళ్ళో ముప్పై అంతస్తుల భవనంలో పని పడింది. అక్కడిచ్చిన గదిలో కుక్కల్ని ఉంచనివ్వరని, ఐదు వారాల కింద దాన్ని తెచ్చి అన్నగారింట్లో వదిలి వెళ్ళాడు. నడకలో ఠీవి చూసి ఆ పేరు పెట్టాడట. ఆ ఠీవి ఏమిటో కండక్టరు ఎన్నడూ ఎరగడు. అతన్ని చూస్తే చాలు, అది చెవులు వెనక్కి పెట్టి, నడుము దించి, తోకతో నేల ఊడుస్తూ, సగం పరుగు సగం పాకుడుగా వచ్చేది.

అలాగే వచ్చింది. కండక్టరు రెండు చేతులూ చాచి దాని తల మీదికి వంగాడు. భుజాన ఉన్న తోలుసంచి ముందుకు ఊగింది. దొరసాని నేలకు అతుక్కుపోయి, పక్కకు దొర్లి, పొట్ట చూపించింది. దాని కిందనుంచి సన్నగా ఒక పాయ బయల్దేరి, గచ్చు వాలు చూసుకుని కిటికీ వైపు పారింది.

కిటికీ కింద చాప, చాప మీద తెల్లగుడ్డ. నర్సుల బడి వాళ్ళు కుట్టమన్నవి ఇరవై తెల్లకోట్లు. వాటి ముందుభాగపు గుడ్డపలకలన్నీ సుద్దగీతల వెంబడి కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టింది భార్య. తడి ముందు అడుగు పలకకు అంటింది, తర్వాత దాని పైదానికి, ఆ తర్వాత ఆ పైదానికి.

"అయ్యో అయ్యో అయ్యో!" ఆవిడ కత్తెర పడేసి ఆ దొంతరను ఎత్తి గుండెలకు హత్తుకుంది. అంతలోనే అది ఏం తడో గుర్తొచ్చి చేతులు చాచి దూరంగా పట్టుకుంది.

"ఛీ! సిగ్గుందా నీకు? నాలుగేళ్ళదానివి, చంటిపిల్లవా?" అని గర్జించాడు కండక్టరు. ఆ గర్జనకు దొరసాని లోపల మిగిలింది కూడా పోసేసింది.

భార్య పెరట్లో కూర్చుని ఏడు పలకలు ఉతికింది. కండక్టరు గడప మీద నిలబడి చూస్తున్నాడు. ఆవిడ కోపం వస్తే అరిచే మనిషి కాదు. కోపం వస్తే నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. అది మరీ భయం.

"ఐదు వారాలు. రోజూ ఇదే వరస. తుడవడం, ఫినాయిలు, తుడవడం. పోనీ పాపం, నోరులేని జీవం అనుకున్నా. ఇవి నా బట్టలు కావు. ఊరివాళ్ళవి."

"కుట్టేది వెనక గదిలో పెట్టుకోవచ్చుగా?"

"వెనక గదిలో వెలుగేదండీ? తెల్ల దారం తెల్ల గుడ్డ మీద చీకట్లో కనపడుతుందా? మీరు కుట్టి చూపించండి."

ఆవిడ ఇంకో పలక బకెట్లో ముంచింది.

"గిడ్డంగి వాచ్‌మన్ కుక్క కావాలని అడుగుతున్నాడు. గేటు దగ్గర గొలుసేసి కట్టేసుకుంటాడట. తిండికి లోటుండదు."

"గొలుసుకా? మా వాడు దాన్ని పక్కలో పడుకోబెట్టుకుని పెంచాడే!"

"ఆదివారం మీ తమ్ముడు వస్తున్నాడుగా. అప్పటిదాకా చూస్తా. ఆదివారానికి గుమ్మం పొడిగా ఉండాలి. అప్పటికీ పోసిందా, వాచ్‌మన్‌కి ఇచ్చేయమని మీ వాడికి నేనే చెబుతా." పలకను గట్టిగా పిండి తీగ మీద వేసింది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? నాకైతే నమ్మకం లేదు."

దొరసాని మిషను కింద, పెడలు వెనక నక్కి కూర్చుంది. కళ్ళు మాత్రం కండక్టరు కాళ్ళ మీదే ఉన్నాయి.

బుధవారం పొద్దున్న డ్యూటీ మార్పించుకుని, దాన్ని పశువుల ఆసుపత్రికి నడిపించుకు వెళ్ళాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఈమధ్యే చదువు ముగించినట్టుంది. పొట్ట నొక్కి చూసింది, మూత్రం పరీక్షకు పంపింది, అరగంట కూర్చోబెట్టి జబ్బేమీ లేదని తేల్చింది.

"జబ్బు లేకపోతే మరి పొగరా?" అన్నాడు కండక్టరు.

"పొగరు కాదండీ, మర్యాద."

"మర్యాదా! మా ఆవిడ ముందు ఆ మాట అనకండి తల్లీ, కత్తెరతో వస్తుంది."

డాక్టరమ్మ నవ్వింది. "'నువ్వు పెద్దవాడివి, నేను చిన్నదాన్ని, నన్నేం చేయకు' అని కుక్కలు చెప్పుకునే పద్ధతి ఇది. పైగా మీరొచ్చారన్న సంతోషం. భయం, సంతోషం రెండూ ఒక్కసారి మీద పడేసరికి పట్టు తప్పిపోతుంది. కావాలని చేయట్లేదు. చేసినట్టు దానికి తెలియను కూడా తెలీదు. మీరు తిడతారా?"

"తిట్టకుండా ఎలా?"

"తిడితే ఇంకా గట్టిగా క్షమాపణ చెబుతుంది. దానికి తెలిసిన క్షమాపణ ఇదొక్కటే."

డాక్టరమ్మ కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. దొరసానికి ఎదురుగా కాదు, పక్కకు తిరిగి. దాని వంక చూడనేలేదు. గోడ మీది పటాన్ని చూస్తూ మాట్లాడుతూ పోయింది. ఇంటికి రాగానే పలకరించకూడదట. చూడకూడదట. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అది కుదుటపడేదాకా అసలు కుక్క అనేదే ఇంట్లో లేనట్టు ఉండాలట. పైనుంచి వంగకూడదు, తల మీద చెయ్యి వేయకూడదు. దగ్గరికి వస్తే గడ్డం కింద నిమరాలి. ఆయన వచ్చే ముందే ఇంట్లోవాళ్ళు దాన్ని ఒకసారి బయట తిప్పి తేవాలి. ఒకవేళ పోసినా సరే, కిమ్మనకుండా తుడిచేయాలి. రాద్ధాంతం చేయకూడదు.

చెప్పడం అయ్యేసరికి దొరసాని ఆవిడ మోచేతి కింద మూతి దూర్చింది. నేల పొడిగా ఉంది.

కండక్టరు అదంతా వాడేసిన టికెట్ల చుట్ట వెనక పెన్సిలుతో రాసుకున్నాడు. "ఈ గొంతును ఏం చేయమంటారు?" అని అడిగాడు చివర్లో, నిజంగానే దిగులుగా.

"బస్సులో పెట్టి రండి," అంది డాక్టరమ్మ.

ఇంటికి నడుస్తుంటే క్షమాపణ అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. ఎవరో ఇలాగే క్షమాపణ చెబుతున్నట్టు నిలబడేవాళ్ళు. ఎవరు? రోడ్డు పక్కన ఒక సరుకు లారీ ఆగి ఉంది. ఇంజను అప్పుడే ఆపినట్టున్నారు, వేడికి టకటకమంటోంది. డీజిలు వాసన, ఎండకు కాగిన టార్పాలిను వాసన. కండక్టరు ఆ లారీ పక్కన అలాగే నిలబడిపోయాడు. దొరసాని కూడా ఆగి, టైరు వాసన చూసింది.

నాన్న లారీ తోలుకుని ఎనిమిది రోజులకో పది రోజులకో వచ్చేవాడు. వీధి చివర హారన్ రెండుసార్లు మోగేది. అమ్మ చేతులు పమిటకు తుడుచుకుంటూ పొయ్యి మీద వేన్నీళ్ళ గుండిగ పెట్టేది. నాన్న గొంతు కూడా ఆయనకన్నా ముందొచ్చేది. ఇప్పుడు తన నోట్లో ఉన్నది ఆ గొంతే. లోపలికొచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించేవాడు. ఆ చొక్కా మేకుకు ఉన్న రెండు మూడు రోజులూ ఇల్లు ఎంత నిండుగా ఉండేది! తను నాన్న కాళ్ళ మీదుగా చెట్టెక్కినట్టు ఎక్కి మెడ పట్టుకునేవాడు. ఆయన నిద్రపోతే అన్నదమ్ములిద్దరూ కాళ్ళ దగ్గర కూర్చుని ఎప్పుడు లేస్తాడా అని కాచుకునేవాళ్ళు. ఈగ వాలితే విసిరేవాళ్ళు. ఆ మధ్యాహ్నాల్లాంటి మధ్యాహ్నాలు మళ్ళీ ఈ జన్మలో రావు.

తమ్ముడు మాత్రం వెంటనే దగ్గరికి వచ్చేవాడు కాదు. ఐదారేళ్ళవాడు. గోడకు ఆనుకుని, మొహమంతా నవ్వుతో, కాళ్ళు మెలేసి నిలబడేవాడు. నాన్న "ఏరా చిన్నోడా!" అని ఎత్తుకోబోయేవాడు. అప్పటికే వాడి లాగు తడిసి ఉండేది. ఆ తర్వాత నాన్న చెయ్యి లేచేది. "మగపిల్లాడివేనా నువ్వు?" అనేవాడు.

కుళాయి అన్న పేరు పెట్టింది తనే. పెట్టిన రోజు నాన్న పగలబడి నవ్వాడు. నాన్నను అంతగా నవ్వించినందుకు తనకు వారం రోజులు ఛాతీ ఉబ్బిపోయింది. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ ఫోనులో "ఏరా కుళాయ్" అనే పిలుస్తాడు. వాడు పలుకుతాడు కూడా.

"పద," అన్నాడు కండక్టరు కుక్కతో.

ఆ సాయంత్రం వీధి మలుపులో నోరు తెరిచి గబుక్కున అరచేత్తో మూసుకున్నాడు. వరండాలోనే తోలుసంచి మేకుకు తగిలించాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా అడుగులేసుకుంటూ, పక్కకు తిరిగి, సొంత ఇంట్లోకి దొంగలా దూరాడు. చాప మీద కూర్చున్న భార్య తలెత్తి చూసి నోట్లో ఉన్న గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. లేకపోతే నవ్వుకు మింగేసేది.

దొరసాని వచ్చింది, నేల ఊడుస్తూ. కండక్టరు కాలెండరు చూశాడు. గడియారం చూశాడు. పై కప్పు చూశాడు. చూడకుండా ఉండడం ఎంత కష్టమో ఆ మూడు నిమిషాల్లో తెలిసింది. కుక్క అతని మడమ నాకింది. రెండు చుక్కలు పడ్డాయి. రెండే చుక్కలు.

భార్య నవ్వు ఆపుకుని గుడ్డ అందించింది. అంతలో పక్కింటి మామ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమ్మా, మీ ఆయన ఇవాళ ఇంకా రాలేదా? నా మాత్రకి టైము దాటిపోలా?"

"వచ్చారు మామ్మగారూ. అదుగో, గోడకేసిన సున్నంలా నిలబడ్డారు."

"ఒంట్లో బాలేదా నాయనా?" అంది మామ్మ కంగారుగా. కండక్టరు పెదవుల మీద వేలు పెట్టుకుని కుక్కను చూపించాడు. మామ్మకేమీ అర్థం కాలేదు. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం లేదనుకుని, "సర్దుకుపోవాలమ్మా" అని చెప్పి వెళ్ళింది. మర్నాటినుంచి అతను ఆవిడ కిటికీ మీద రెండుసార్లు కొట్టి వచ్చేవాడు, మాత్ర కోసం.

గురువారం గడప దగ్గరే నేల మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు. బిస్కెట్టు ముక్కలు నాలుగు నేల మీద వదిలాడు. నేల మీద కూర్చుని ఆ గది చూసి ఎన్నేళ్ళయిందో. మిషను పెడలు, బల్ల కింద దారపు ఉండలు, పడి ఉన్న ఒక బొత్తాం. అంత కిందనుంచి చూస్తే తలుపు ఎంత ఎత్తో! అందులోంచి వచ్చే మనిషి ఇంకా ఎత్తు.

చిన్నప్పుడు ఇద్దరూ మంచం కింద దూరి బస్సాట ఆడేవాళ్ళు. మంచం బస్సు. తమ్ముడు డ్రైవరు, పళ్ళెం పట్టుకుని తిప్పేవాడు. తను అప్పుడూ కండక్టరే. హారన్ మోగించమంటే వాడు నాన్న లారీ హారన్ అచ్చం అలాగే, రెండుసార్లు, నోటితో మోగించేవాడు. వంటింట్లోంచి అమ్మ ఒక్కోసారి నిజమనుకుని పరుగెత్తుకొచ్చేది. "చంపేస్తాన్రా వెధవల్లారా" అంటూ తనూ మంచం కిందికి వంగి టికెట్టు అడిగేది. ఆ పళ్ళెం ఏమైందో. ఆ మంచం ఏమైందో. కండక్టరు ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ నవ్వులో ఉండగానే చేతి కింద వెచ్చగా ఏదో తగిలింది. దొరసాని గడ్డం. ముక్కలన్నీ తినేసి, అరచేతిలో గడ్డం పెట్టి నిలబడింది. నేల పొడిగా ఉంది.

శుక్రవారం అంతా చెడింది. బస్సులో ఎవరో తాగి వచ్చి గొడవ చేశాడు, చొక్కా చిరిగింది. గంట ఆలస్యంగా, ఒళ్ళు మండిపోతూ వచ్చాడు. రాసుకున్న టికెట్ల చుట్ట జేబులోనే ఉంది, బుర్రలో లేదు. సంచి భుజానే ఉంది. "ఏమేవ్, వేన్నీళ్ళు పెట్టు!" అని అరుస్తూ తలుపు తోశాడు. కుక్క అప్పటికే కాళ్ళ దగ్గర ఉంది. చూసుకోక తట్టుకుని దాని మీదికి తూలాడు.

మడుగు కట్టింది. "దీని దుంపతెగ! ఇన్ని రోజులు చేసిందంతా..." అంటూ చెయ్యెత్తాడు. కొట్టలేదు. కొట్టలేదు గానీ దొరసాని కళ్ళు మూసుకుంది. దెబ్బ కోసం కాచుకున్నట్టు మూసుకుని, తల పక్కకు పెట్టింది. ఎత్తిన చెయ్యి కండక్టరుకు తనదిలా కనపడలేదు. అది ఎప్పుడో చూసిన నాన్న చెయ్యి.

భార్య గుడ్డ తెచ్చింది. తుడిచింది. తుడుస్తూ, "ఎల్లుండే ఆదివారం," అంది.

"నాదే తప్పు. ఇవాళ్టిది లెక్కలోకి రాదు."

"నా గుడ్డకు తప్పు ఎవరిదో తెలుస్తుందా?" ఆవిడ బకెట్టు ఎత్తుకుని నిలబడింది. "నాకేం సరదానా చెప్పండి దాన్ని పంపేయడం? పగలంతా నా కాళ్ళ మీదే పడుకుంటుంది. మీరు లేనంతసేపు ఒక్క చుక్క పడదు తెలుసా? మీరొస్తేనే."

మీరొస్తేనే. ఆ మాటతో భోజనం సయించలేదు.

శనివారం రాకముందు వీధి మలుపులో కాసేపు ఆగి, ఊపిరి పీల్చుకుని, మామ్మ కిటికీ కొట్టి, సంచి తగిలించి, లోపలికొచ్చి నేల మీద కూర్చున్నాడు. దొరసాని వచ్చింది. ఇవాళ నేల ఊడవలేదు. నాలుగు కాళ్ళ మీద నడిచి వచ్చింది. భుజం వాసన చూసింది, మెడ వాసన చూసింది, నిన్నటి గొడవను మనసులో పెట్టుకోకుండా చెవి నాకింది. కండక్టరు వేళ్ళు దాని గడ్డం కిందికి పోనిచ్చాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పొడి. అద్దంలా పొడి!

అరవాలనిపించింది. వీధంతా వినపడేలా అరవాలనిపించింది. పెరట్లోకి వెళ్ళి, బట్టలారేస్తున్న భార్య చెవి దగ్గరికి వంగి, "పొయ్యలేదు," అని గుసగుసగా చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ చెవిలో అంత మెల్లగా ఏదీ చెప్పి ఉండడు. ఆవిడ సిగ్గుపడింది కూడా.

"సంబరపడకండి. రేపటి సంగతి చూద్దాం," అంది.

ఆదివారం పది గంటలకు తమ్ముడు వచ్చాడు. ఎలా రావాలో ఫోనులో నూరిపోయాలని అన్న అనుకున్నాడు గానీ, వాడికి చెప్పాల్సిన పని లేకపోయింది. తలుపు చప్పుడే కాలేదు. బూట్లు బయట విప్పి, లోపలికొచ్చి, కుక్కకు వీపు పెట్టి, గోడవారన చతికిలబడ్డాడు. అంతే. దొరసాని వెనక గదిలోంచి వచ్చింది. తల ఎత్తి, తోక ఎత్తి, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ, గది అడ్డంగా నడిచి వచ్చి వాడి ఒళ్ళో కూర్చుంది. ఆ ఠీవి ఏమిటో కండక్టరు మొదటిసారి చూశాడు.

భార్య మరిదిని పలకరించి, ప్రయాణం సంగతులు అడిగి, వంట మీద ఉన్నానంటూ లోపలికెళ్ళింది. వెళ్తూ వెళ్తూ మొగుడి వంక ఒక చూపు చూసింది. తెల్లకోట్లు పద్దెనిమిది కుట్టడమైపోయి, ఇస్త్రీతో బల్ల మీద ఉన్నాయి.

కండక్టరు తమ్ముడి పక్కనే నేల మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. డాక్టరమ్మ సంగతి, మామ్మ మాత్ర సంగతి, వాచ్‌మన్ సంగతి. అన్నీ తగ్గు గొంతుతోనే. తమ్ముడు వాచ్‌మన్ దగ్గర తలెత్తాడు.

"నువ్వొస్తే పొయ్యదా ఇది?"

"కొత్తలో పోసేది. దీన్ని ముందు పెంచినవాడు కర్ర చూపించేవాడట. నెల రోజులు నేను దీని మొహం చూడలేదు. తర్వాత అదే వచ్చింది."

"నువ్వూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా?"

"దీనికి డాక్టరెందుకన్నయ్యా? నాకు తెలుసుగా."

కండక్టరు గచ్చు మీద వేలితో గీతలు గీశాడు. "మరి వదిలి వెళ్ళేటప్పుడు నాకొక ముక్క చెప్పొచ్చు కదరా?"

తమ్ముడు కుక్క చెవి సవరిస్తూ, "చెబితే నవ్వుతావనుకున్నా," అన్నాడు.

వంటింట్లో గరిటె చప్పుడు వినపడుతోంది. కండక్టరు అటు ఓసారి చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "నాన్న అలా కొట్టకుండా ఉండాల్సిందిరా. ఈ నాలుగు రోజులూ అదే గుర్తొస్తోంది. నువ్వంటే ప్రాణమే ఆయనకి. కానీ వంగి ఎత్తుకోబోవడం, నువ్వు..."

"నాన్నకి తెలిసేది కాదన్నయ్యా."

"ఏంటి?"

"రాత్రంతా లారీ నడిపి వచ్చేవాడు, కళ్ళు మూతలు పడుతుండేవి. నేను గోడకి ఆనుకుని చొక్కా కిందికి లాక్కునేవాణ్ణి. లాగు నల్లది, తెలిసేది కాదు. అమ్మ చూసేది. అమ్మ ఏమీ అనకుండా మసిగుడ్డ ఒకటి జారవిడిచి కాలితో తుడిచేసేది. నాన్న నన్ను ఎత్తుకోకముందే వేన్నీళ్ళ దగ్గరికి లాక్కెళ్ళిపోయేది." తమ్ముడు చెబుతూ చిన్నగా నవ్వాడు, ఎప్పుడో చూసిన వింత చెబుతున్నట్టు. "నువ్వు అరిచేవాడివి. 'నాన్నా, కుళాయి విప్పాడు' అని. నాన్న ముందు నవ్వేవాడు. తర్వాత చూసేవాడు. చూశాక కొట్టేవాడు."

కండక్టరుకు ఆ గది మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. మేకు, చొక్కా, గోడ, తడిసిన లాగు, లేచిన చెయ్యి. ఇంతకాలం ఆ గదిలో తనెక్కడున్నాడో చూసుకోనేలేదు. తను నాన్న మెడ మీద ఉన్నాడు. అంత ఎత్తునుంచి వేలు చూపించి అరుస్తున్నాడు.

"చిన్నతనంలే అన్నయ్యా. నీకు మాత్రం ఏం తెలుసు?" అన్నాడు తమ్ముడు. వాడి గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు కండక్టరు. కోపమన్నా ఉంటే బాగుండేది. ఒక్క ఉదుటున లేచాడు, ఏం చేయబోతున్నాడో తనకే తెలీదు. తమ్ముడి మీదికి వంగి, రెండు చేతులతో వాడి తల పట్టుకున్నాడు. "ఒరేయ్," అన్నాడు. ఆ మాట మాత్రం పాత గొంతుతోనే వచ్చింది.

ఇద్దరి మధ్య, వాడి ఒళ్ళో, దొరసాని ఉంది. మీదికి వంగిన మనిషిని చూసింది, కేక విన్నది. కిందికి జారి, పక్కకు దొర్లింది. గచ్చు మీద పాయ కట్టింది.

అన్నదమ్ములిద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఏంటీ, ఇద్దరి నోళ్ళూ ఒక్కసారి మూతపడ్డాయి?" వంటింట్లోంచి భార్య కేకేసింది. "మళ్ళీ పోసిందా ఏం?"

తమ్ముడి చెయ్యి దానంతటదే వాడి చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. నలభై మూడేళ్ళ మనిషి, ముప్పై అంతస్తుల ఎత్తున తీగలకు వేలాడి పనిచేసే మనిషి, చొక్కా అంచుతో కుక్క తడిని కప్పడానికి చూస్తున్నాడు. తను ఆ పని చేస్తున్నట్టు వాడికి తెలియను కూడా తెలీదు.

"లేదే," అన్నాడు కండక్టరు. "నేనే. చూసుకోకుండా చెంబు తన్నాను. నీళ్ళు."

అంటూనే భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు.

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ ఇంట్లో చెంబంటూ ఉన్నది ఒక్కటే. అది ఆవిడ చేతిలోనే ఉంది, నిండుగా, మరిదికి మంచినీళ్ళు. ఆవిడ చెంబు చూసింది. తడి తువ్వాలు చూసింది. మిషను కిందికి పోబోయి ఆగిన కుక్కను, చొక్కా అంచు ఇంకా వదలని మరిదిని చూసింది. ఆఖరున మొగుడి మొహం చూసింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఒక్క సంగతైనా కడుపులో దాచుకోవడం ఆవిడ చూసి ఎరగదు. ఆ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ కళ్ళలోకి చూస్తూ, అబద్ధాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉన్నాడు.

"ఒలకబోసినవాళ్ళే తుడవాలి," అంది. చెంబు మరిది చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

కండక్టరు తుడిచాడు. మూలమూలలా, పాయ పారినంత మేరా తుడిచాడు. తమ్ముడు కాసిని నీళ్ళు తాగి, మిగిలినవి గచ్చు మీద పోసి, ఇంకో గుడ్డ తీసుకుని అన్న పక్కన కూర్చున్నాడు. "నువ్వు ఉండరా, నేను చేస్తా," అంటే వినలేదు. "జరుగు," అన్నాడు. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ తుడిచారు. దొరసాని కాసేపు చూసి, ఎవరూ ఏమీ అనడం లేదని తేల్చుకుని, వచ్చి వాళ్ళ మధ్య పడుకుంది.

భోజనాల దగ్గర తమ్ముడు నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఐదోసారి, "వదినా, మరి ఆ వాచ్‌మన్..." అన్నాడు.

"వాచ్‌మన్ ఎందుకయ్యా?" ఆవిడ వడ్డిస్తూనే ఉంది. "ఆదివారానికి గుమ్మం పొడిగా ఉండాలన్నా. ఉందిగా. ఇక నీళ్ళంటావా, మీ అన్నయ్యకి కాలి కింద చెంబు కనపడదు. దానికి పాపం కుక్కేం చేస్తుంది?"

కండక్టరు తల పైకెత్తలేదు. చెంబెత్తి నీళ్ళు తాగాడు.

సాయంత్రం బస్సుకు తమ్ముడు ఒక్కడే వెళ్ళాడు.